తెల్లపూత కింద నలభై ఒకటో కాగితం

బస్సు టైరు దిగిపోయిన చోట ఒక కొట్టు లేదు, ఒక ఇల్లు లేదు. మూతపడిన గోడౌను ఒకటి, దాని గోడ పక్కన సన్నటి నీడ, అంతే. దిగిన పాతికమందీ ఆ నీడలో బడిపిల్లల్లా వరసగా నిలబడ్డారు. ఆగిపోయిన బస్సు దగ్గర మనుషులు ఎక్కడైనా మూడు రకాలుగా విడిపోతారు. డ్రైవరుకి పని నేర్పేవాళ్ళు, ఫోనులో ఎవరికో ఆలస్యం సంగతి అరిచి చెప్పేవాళ్ళు, పక్కవాళ్ళ సంచీలో ఏముందో కనుక్కోకపోతే ప్రాణం నిలవనివాళ్ళు. ఈ మూడో రకం మనిషి ఒకాయన, చొక్కా జేబుకి మూడు పెన్నులు తగిలించుకున్నాయన, అప్పటికి చాలాసేపటి నుంచి అతుకులత్తను చూస్తున్నాడు.

చూడటానికి కారణం లేకపోలేదు. అందరూ సామాన్లు నేల మీద పెట్టేశారు. ఆవిడ మాత్రం గుడ్డసంచీని రెండు చేతులా గుండెకు ఆనించుకుని, నిద్రపోతున్న పసిపిల్లను మోస్తున్నట్టు నిలబడింది. అరవై దాటిన మనిషి. చేతులు నొప్పెట్టడం మొహంలో తెలుస్తూనే ఉంది.

"చెల్లెమ్మా, నేల మీద పెట్టకూడనిదేమన్నా ఉందా అందులో?" అన్నాడాయన ఇక ఉండబట్టలేక.

"పుస్తకం అన్నయ్యగారూ."

"పుస్తకమేనా! గాజుసామానేమో, పగులుతుందని భయమేమో అనుకున్నాను."

"పగలాల్సింది ఇప్పటికే పగిలింది లెండి," అంది అతుకులత్త.

ఇంత రుచికరమైన జవాబు దొరికాక ఆయన వదులుతాడా? గోడకు ఆనించి ఉన్న పాత చెక్కపెట్టెను ఈడ్చుకొచ్చి, మీద దుమ్ము తన చేతిరుమాలుతోనే దులిపి, ఆవిడను కూర్చోబెట్టాడు. తనను తాను పరిచయం చేసుకున్నాడు. పార్సిల్ ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు రసీదులు రాసి రిటైరయ్యాడట.

"ఒక్కసారి రాస్తే నాలుగు కాగితాలమ్మా. పైది పార్టీకి, రెండోది ఆఫీసుకి, మూడోది గోడౌనుకి, నాలుగోది ఎలకలకి. మధ్యలో కార్బన్ పేపర్లు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు రాస్తే రెండో కాగితం దాకా కూడా దిగేది కాదు. నేను నొక్కితే నాలుగోది దాటి బల్లకి దిగేది! ఇప్పటికీ ఇంట్లో సామాన్ల చీటీ రాసి నేను జేబులో వేసుకుపోతే, మా ఆవిడ బల్ల మీది కాగితం చూసి ఏం మర్చిపోయానో చెబుతుంది. చేతి బలం అలాంటిది."

అతుకులత్త తల ఊపింది గానీ, సగమే విన్నది. మిగతా సగం సంచీలోని పుస్తకంలో, ఇరవై మూడో ఆకు దగ్గర ఉండిపోయింది. అక్కడ ఏం జరిగిందో చెప్పాలంటే, ఆవిడ సంగతి కొంచెం చెప్పాలి. బస్సు ఎలాగూ ఇప్పట్లో కదిలేలా లేదు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆవిడకు ఒకటుంది గానీ, అది సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు తప్ప బయటికి రాదు. అతుకులత్త అని పేరు పెట్టింది అన్నకూతురు. ఆ పేరు ఇల్లు దాటింది, వీధి దాటింది, చివరికి కట్టుకున్న మొగుడు కూడా "ఏమోయ్ అతుకులత్తా" అని పిలిచేదాకా వచ్చింది. పెళ్ళాన్ని అత్తా అనడం ఏ వరసలోకి వస్తుందో ఆయనకే తెలియాలి.

ఒక ప్రింటింగ్ ప్రెస్సులో, వెనకవైపు బైండింగు గదిలో, ఆవిడ ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. అచ్చయి వచ్చిన ఫారాలను మడత బద్దతో మడిచి, దబ్బనంతో పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టి, బంక పూసి, అట్ట వేయడం. వినడానికి ఇంతే. చేతికి రావడానికి ఏళ్ళు పట్టింది. ఆ గదిలో ఒక ముసలి మేస్త్రి ఉండేవాడు. తక్కువ మాట్లాడేవాడు, మాట్లాడితే గుర్తుండిపోయేది. కాగితం చూడటానికి కన్ను చాలదనేవాడాయన. కళ్ళు మూసుకుని, వేలికొసతో తడిమి, కాగితం పోగు ఏ వైపు పరుచుకుందో, ఏ వైపు మడిస్తే విరుగుతుందో చెప్పేవాడు. అతుకులత్తకూ ఆ విద్య పట్టుబడింది. దానికి ఒక్కటే నియమం. బంక ముట్టుకున్న వేలి మీద కాసేపటికి సన్నటి పొర ఆరుతుంది. కొత్త కాగితం తీసుకునే ముందు ఆ పొరను ఒలిచెయ్యాలి. "పొర ఉన్నంతసేపూ నీకు వేళ్ళు లేనట్టే అమ్మాయ్" అనేవాడు మేస్త్రి.

ఆయన చెప్పిన రెండో మాట వేళ్ళకు సంబంధించింది కాదు. "పుస్తకం చేతికిచ్చాక అక్కడ నిలబడకు. నిలబడితే వాళ్ళు పుస్తకాన్ని చూడరు, నీ మొహం చూస్తారు. మొహమాటానికి బాగుందంటారు. ఆ మాట నీకూ దండగే, పుస్తకానికీ దండగే." అందుకని ఆ బైండింగు గది వాళ్ళందరికీ అదో అలవాటైపోయింది. పుస్తకం ఇచ్చేవాళ్ళు, వెనక్కి తిరిగేవాళ్ళు. వస్తానని కూడా చెప్పేవాళ్ళు కారు. బయటివాళ్ళకు అది పొగరులా కనిపించేది.

ప్రెస్సు మూతపడినప్పుడు మిషన్లు ఎవరో కొనుక్కుపోయారు. అతుకులత్త తన మడత బద్ద, దబ్బనం, కోతల్లో మిగిలిన కాగితాల మూటలు నాలుగు ఇంటికి తెచ్చుకుంది. మూటలు చూసి భర్త, కళ్ళద్దాలు బాగుచేసే మనిషి, ఒకసారి అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "అయితే ఈ ఇంట్లో ఇక చెత్తబుట్టకి ఉద్యోగం లేదన్నమాట" అన్నాడు.

ఆ మూటలు విప్పించింది అన్నకూతురే. ఆ పిల్ల మోజుపడి మంచి నోటుబుక్కు ఒకటి కొనుక్కుంది. ఏడాది గడిచినా ఒక్క అక్షరం రాయలేదు. ఎందుకే అంటే, "అంత తెల్లగా ఉందత్తా, పాడుచేస్తానేమో అని" అంది. తెల్లకాగితం ముందు ఎంత గొప్పవాళ్ళకైనా చెయ్యి వణుకుతుంది. ఏ భాషలో రాసేవాళ్ళైనా ఈ సంగతి ఏదో ఒక రోజు ఒప్పుకున్నవాళ్ళే. అతుకులత్తకు అదేం తెలియదు. తెలిసిందల్లా ఆ పిల్ల భయం. రెండు వారాలు కూర్చుని ఒక పుస్తకం చేసిచ్చింది. అందులో ఏ కాగితమూ తెల్లగా లేదు. ఒకటి టీ నీళ్ళలో ముంచి ఆరబెట్టింది, ఒకటి పాత పటం ముక్క, ఒకటి చిరిగిన చోట దారంతో కుట్టింది. "నేనే ముందుగా పాడుచేసి ఇచ్చేశాను. ఇక నీకు భయమేంటి?"

ఆ పిల్ల మూడు నెలల్లో నింపేసింది. స్నేహితురాళ్ళకు చూపించింది. వాళ్ళూ కావాలన్నారు.

"దీన్ని ఆర్ట్ జర్నల్ అంటారత్తా. ఇలా రంగూ గుడ్డా కాగితం దారం అన్నీ కలిపి చేస్తే మిక్స్‌డ్ మీడియా."

"మా ప్రెస్సులో చెత్త అనేవాళ్ళమే."

అలా మొదలై తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు కిటికీ పక్క బల్ల ఆవిడది. దాని మీద ఏం ఉంటాయో చెప్పడం కంటే ఏం ఉండవో చెప్పడం తేలిక. పాత ఎక్స్‌రే ఫిల్ములు కత్తిరించి చేసిన అచ్చులు, రబ్బరు ముక్కల మీద బ్లేడుతో చెక్కిన ముద్రలు, అట్టపెట్టెల లోపలి మడతల కాగితం, గాయానికి చుట్టే గాజుగుడ్డ, తెగిన గొడుగు బట్ట, గుండీలు, బస్సు టిక్కెట్లు, పుస్తకాల బరువు కింద ఎండిన ఆకులు. కాగితాన్ని ఆవిడ కత్తిరించదు. స్కేలు ఆనించి చింపుతుంది. చింపిన అంచు పక్క కాగితంలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు పరాయిదానిలా నిలబడుతుంది. పల్చటి కాగితమైతే వెనక దళసరి కాగితం అతికిస్తుంది. ముందు తెల్లరంగులో సుద్దపొడి కలిపి ఒక పూత. అది ఆరాక రంగు. రంగు తడి మీద గాజుగుడ్డ పరిచి లేపితే నేత గుర్తు పడుతుంది. మైనపు పెన్సిలుతో ముందే గీసి పైన నీళ్ళరంగు వేస్తే, గీసిన చోట రంగు అంటదు. ఒక పొర, దాని మీద ఇంకో పొర, అక్కడక్కడ అడుగుది కనబడేలా గీకడం.

ఎంత పొరలు పొరలుగా నింపినా, ప్రతి పుస్తకంలోనూ ఒక్క పుట మాత్రం అస్సలు ముట్టుకోదు. రంగు లేదు, బంక లేదు, నీటి చుక్క లేదు. దాన్ని ఊపిరి పుట అంటుంది. "అన్నీ మాట్లాడితే ఎట్లా? ఒకటి వినాలి కదా" అంటుంది. వీలైనంతవరకూ ఆ పుస్తకం ఎవరిదో వాళ్ళ ఇంటి కాగితమే ఆ పుటకు వాడుతుంది.

ఇంతకాలంలో ఆవిడ చేతిలో ఒక్క కాగితమూ చెడలేదు. మొన్నటిదాకా.

రెండు బస్సులు మారితే వచ్చే ఊళ్ళో ఒక టైలరమ్మ ఉంది. నలభై ఏళ్ళుంటాయి. పోయిన ఏడాది వాళ్ళమ్మకు గొంతు ఆపరేషనై మాట పోయింది. ఆ తర్వాత నాలుగు నెలలు బతికింది ఆవిడ. ఆ నాలుగు నెలలూ ఏం చెప్పాలన్నా చిన్న ప్యాడు మీద పెన్సిలుతో రాసేది. టైలరమ్మ ఆ కాగితాలు దాచింది. అవే అతుకులత్త దగ్గరికి తెచ్చి, "వీటిని పుస్తకం చెయ్యత్తా. అమ్మకి రంగులంటే ఇష్టం, చప్పగా ఉంటే ఊరుకోదు" అంది. కాగితాల కట్ట, ఇంకా కాగితాలు మిగిలి ఉన్న ప్యాడు, పెన్సిలు ముక్క, మూడూ ఒక కవరులో పెట్టి, పైన 41 అని రాసింది.

ఆ కాగితాలు చదువుతూ అతుకులత్త ఎన్నిసార్లు నవ్విందో లెక్కలేదు. ఒక దాని మీద "ఫ్యాను తగ్గించు" అని ఉంది. ఇంకోదాని మీద "ఎక్కువ తగ్గించావు". మరోదాని మీద "ఆ డాక్టరు చొక్కాకి రెండో గుండీ లేదు. సూది తెచ్చావా?" ఒకటి నిండా ఒకే మాట, "వద్దు వద్దు వద్దు", కింద చిన్నగా "సరే". ఎదుటివాళ్ళ మాటలు లేని సంభాషణ అది. ఐనా ఎదుటివాళ్ళు ఏమన్నారో అంతా వినబడుతూనే ఉంటుంది.

కట్ట లెక్కపెడితే నలభై వచ్చాయి. కవరు మీద నలభై ఒకటి. టైలర్లు అంగుళాలు సరిగ్గానే కొలుస్తారు గానీ కాగితాలు లెక్కపెట్టడం రాదేమో అని నవ్వుకుని, అతుకులత్త పనిలో పడింది. ఆకుల మధ్య వేయడానికి ఖాళీ కాగితాలు కావాలి. ప్యాడులో మిగిలినవి ఉన్నాయి కదా. పైది చించింది. కిటికీ వెలుగుకు పెట్టి చూసింది, తెల్లగా ఉంది. వేలితో తడిమింది, నున్నగా తగిలింది. దాని వెనక దళసరి కాగితం అతికించి, ముందు తెల్లపూత పూసి, ఇటుకల బరువు కింద పెట్టింది. ప్యాడులో దాని కిందిది తీసి, ఏమీ చేయకుండా, చివర్లో ఊపిరి పుటగా వెయ్యడానికి పక్కన పెట్టుకుంది.

నున్నగా ఎందుకు తగిలిందంటే, వేలి మీద బంక పొర ఉంది. అప్పుడే పై ఊళ్ళో ఉన్న కొడుకు ఇంటి నుంచి కోడలు ఫోను చేసింది. భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కి పెట్టుకుని మాట్లాడుతూ పని చేసింది. ఒలవడం మర్చిపోయింది. ఇరవై ఆరేళ్ళలో, ఆపైన తొమ్మిదేళ్ళలో, ఒకే ఒక్కసారి.

మర్నాడు పొద్దున ఏటవాలు ఎండ బల్ల మీద పడేవేళకు ఆరిన ఆకును చేతిలోకి తీసుకుంది. పొర లేని వేళ్ళకు, తెల్లపూత కింద, ఒక వంపు తగిలింది. వంగి చూసింది. ఒక కొమ్ము, ఒక సున్నా, మళ్ళీ ఏమీ లేదు. పెన్సిలు మసి లేని రాత. ఒట్టి గాడి. అది పూతతో సగం నిండిపోయింది, బరువు కింద మిగతా సగం చదునైపోయింది. నలభై ఒకటోది అదే.

తడిగుడ్డతో ఒక మూల తుడిచి చూసింది. పూత లేవలేదు, కాగితం పొర లేచింది. గరుకు కాగితంతో రుద్దబోయి ఆగిపోయింది. పూర్వం తోళ్ళ మీద రాసేవాళ్ళు పాత రాతను గీకేసి దాని మీదే కొత్త పుస్తకం రాసుకునేవాళ్ళట. వందల ఏళ్ళు పోయాక అడుగు రాత మెల్లగా పైకి తేలి, గీకినవాడి గుట్టు బయటపెట్టేదట. ఆ సంగతి భర్త ఎక్కడో చదివి ఓదార్పుగా చెప్పాడు.

"వందల ఏళ్ళు ఆగమని చెప్పనా ఆ పిల్లకి?" అంది ఆవిడ.

"చెప్పకపోతేనేం? దాని మీద ఒక పువ్వు వెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"నీకు తెలిస్తే మనిద్దరికీ అన్నం సహించదు. అయితే వెళ్ళి చెప్పేసి రా," అన్నాడాయన.

ఆకును తీసెయ్యలేదు. దాని మీద ఇంకో చుక్క రంగు వెయ్యలేదు. తెల్లగానే ఇరవై మూడో ఆకుగా కుట్టేసింది. అట్టకు గొడుగు బట్ట, అమ్మగారికి చప్పగా ఉంటే నచ్చదు కాబట్టి ఎర్రదే, వేసింది. మూయడానికి దారం, దారం చుట్టడానికి గుండీ బదులు ఆ పెన్సిలు ముక్క పెట్టింది. ఇప్పుడు ఆ పుస్తకమే సంచీలో ఉంది.

"ఒకసారి చూడొచ్చా చెల్లెమ్మా?" అన్నాడు రసీదులాయన. అడిగి, చెప్పకముందే చేతులు రెండూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చూసే అతుకులత్త పుస్తకం బయటికి తీసింది.

ఆయన ఒక్కో ఆకూ తిప్పాడు. ఫ్యాను కాగితం దగ్గర గాజుగుడ్డ నేత గుర్తు మీద చెయ్యి ఆనించి నవ్వాడు. తెల్ల ఆకును ఏమీ అనకుండా దాటేశాడు. చివరికొచ్చి ఆగాడు.

"ఇదేంటి, ఇదొక్కటి వట్టిదే వదిలేశారు? ఇక్కడ రసీదు రాసుకోవచ్చు."

"అది ఊపిరి పుట అన్నయ్యగారూ. చెయ్యి పెట్టకండి."

"నా చెయ్యి పడితే ఊపిరాడదంటారా? నిజమే, వెనక అట్ట దాకా దిగుతుంది," అని ఆయన పుస్తకం జాగ్రత్తగా మూసి ఇచ్చాడు. అంతలో డ్రైవరు హారను కొట్టాడు.

టైలరమ్మ ఇంటి ముందుగదే ఆవిడ కొట్టు. కిటికీ కింద మిషను, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడకు కొలతల అద్దం, తీగ మీద చేతులు ఇంకా అతకని చొక్కాలు. అతుకులత్త వెళ్ళేసరికి మణికట్టుకు గుండుసూదుల దిండు కట్టుకుని, నోట్లో ఒక సూది పట్టుకుని ఉంది. సూది తీసి, లేచి, కుర్చీ తుడిచింది.

"ఇంత దూరం నువ్వు రావడమేంటత్తా? కబురు చేస్తే నేనే వచ్చేదాన్నిగా!"

అతుకులత్త పుస్తకం చేతికిచ్చింది. కాళ్ళు అలవాటు చొప్పున వెనక్కి తిరగబోయాయి. బలవంతాన నిలబెట్టుకుంది. పుస్తకం ఇచ్చి నిలబడటం ఆవిడకు ఇదే మొదటిసారి. మేస్త్రి ఎందుకు వద్దన్నాడో ఇప్పుడు బాగా తెలిసింది. ఎక్కడ చూడాలో తెలియదు, చేతులు ఏం చేసుకోవాలో తెలియదు.

టైలరమ్మ ఆవిడ మొహం చూడలేదు, పుస్తకమే చూసింది. "గుండీ లేదు" కాగితం పక్కన నిజం గుండీ కుట్టి ఉంటే దాన్ని గిల్లి చూసి, "దారం గట్టిగానే ముడేశావు" అని మెచ్చుకుంది. "వద్దు వద్దు వద్దు" దగ్గర పకపకా నవ్వింది. "ఇది మందు తాగనని, అత్తా. చివరికి నేను ఏడుపు మొహం పెడితే సరే అంది." తిప్పుతూ తిప్పుతూ పెదాలు కదుపుతోంది. లెక్కపెడుతోందని అతుకులత్తకు అర్థమైంది.

"ఒకటి తక్కువ," అంది టైలరమ్మ.

"తక్కువ కాదమ్మా. ఉంది. ఇదిగో ఇక్కడ, దీని కింద," అని ఇరవై మూడో ఆకు తెరిచి, జరిగింది జరిగినట్టు చెప్పింది. బంక పొర, కోడలి ఫోను, తెల్లపూత, ఇటుకలు. క్షమించమని అడగలేదు. అడిగితే ఆ పిల్ల క్షమించక తప్పదు, అదీ ఒక మొహమాటమే.

టైలరమ్మ మణికట్టు దిండులోంచి ఒక సూది తీయడం, మళ్ళీ గుచ్చడం. 

"అందులో ఏముందో నేను చదవలేదత్తా," అంది చివరికి.

"కనబడకా?"

"చదవకే. పెన్సిలు పొడి రుద్దితే కనబడుతుందని నాకూ తెలుసు. రుద్దలేదు." కుర్చీలో కూర్చుంది. "ఆ మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని కునుకు తీశాను. పావుగంటో, అరగంటో. లేచేసరికి అమ్మ లేదు. ప్యాడు గుండెల మీద ఉంది, పెన్సిలు చేతిలో ఉంది. మొన విరిగిపోయి ఉంది. విరిగిన సంగతి చూసుకోకుండా చెక్కతోనే రాసింది. నీళ్ళడిగిందో, నొప్పి అందో, లే లే అని రాసిందో. చదివితే ఇక జన్మంతా అదే వినబడుతుంది కదా. పుస్తకంలో కుట్టేస్తే మా ఇంట్లో ఉంటుంది, నేను చదవక్కర్లేదు అనుకున్నా."

"నాకు చెప్పి ఉంటే…"

"చెప్తే నువ్వు చదువుతావుగా." కాస్త నవ్వింది, మళ్ళీ ఆ నవ్వు పోయింది. "చూడు నా తిక్క. ఇన్నాళ్ళూ చదవొద్దనుకున్నాను. ఇక చదవలేనని నువ్వు చెప్పాక, ఇప్పుడు కావాలనిపిస్తోంది."

వేలికొసతో తెల్లపూతను నిమిరింది. "చెక్కముక్కతో ఎంత బలంగా నొక్కిందో! ఒంట్లో ఏమీ లేదు, ఆ బలం ఎక్కడిదో. కింద దుప్పటి మీద కూడా పడే ఉంటుంది."

అతుకులత్త కళ్ళ ముందు మూడు పెన్నుల జేబు కదిలింది. నాలుగో కాగితం ఎలకలకి. నాలుగోది దాటి బల్లకి.

"దుప్పటి దాకా ఎందుకమ్మా," అంది నెమ్మదిగా, "ప్యాడులో దాని కింది కాగితం ఉంది."

"ఎక్కడ?"

"నీ చేతిలోనే."

చివరికి తిప్పి చూపించింది. నీళ్ళు తగలని, బంక తగలని, బరువు కింద పెట్టని పుట. ఈసారి వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుని, పొరేమీ లేదని చూసుకుని, తడిమింది. ఉంది. వరసలు వరసలుగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చదవాలంటే చదవొచ్చు. వద్దంటే ఇది ఊపిరి పుటగానే ఉంటుంది, నేనింక ఎవరికీ చెప్పను. నీ ఇష్టం."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. టైలరమ్మ లేచి, తీగ మీది చొక్కా ఒకటి సర్దింది. సర్దాల్సిన అవసరం లేదు దానికి. తిరిగొచ్చి పుస్తకం అట్టకున్న ముడి విప్పి, పెన్సిలు ముక్క బయటికి లాగింది.

"నువ్వు రుద్దత్తా. నీకు తెలిసిన పని."

"నా చెయ్యి ఒకసారి తప్పింది. బట్ట మీద సుద్దగీత గీసే చెయ్యి నీది, అదే తేలిక. పడుకోబెట్టి రుద్దు, మొనతో కాదు, పక్కతో. ముద్దు పెట్టుకున్నట్టు ఆనాలి, అంతే."

టైలరమ్మ బ్లేడుతో పెన్సిలు చెక్కింది. మొన విరిగిన రోజే జరగాల్సిన పని అది. నెలల తర్వాత జరిగింది. పక్కగా ఆనించి, పై అంచు నుంచి రుద్దడం మొదలుపెట్టింది. బూడిదరంగు మబ్బులా పరుచుకుంది. ఆ మబ్బులో తెల్లగా ఒక అక్షరం తేలింది. దాని పక్కన ఇంకోటి.

అతుకులత్త బల్లకు ఇవతలివైపు ఉంది. ప్రెస్సులో పనిచేసినవాళ్ళకు తలకిందుల రాత చదవడం ఓ లెక్క కాదు. అందుకని తల తిప్పుకుని కిటికీ వైపు చూసింది.

"నిద్రపోయావు," అని చదివింది టైలరమ్మ. చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. "నోరు… నోరు తెరుచుకుని." ఇంకో వరస. "చిన్నప్పటిలాగే." ఇంకోటి. అది రావడానికి చాలాసేపు పట్టింది. "లేపబుద్ధి కాలేదు."

అప్పుడు వచ్చిన చప్పుడు నవ్వో ఏడుపో చెప్పడం కష్టం. ముందు నవ్వే వచ్చిందనుకోవాలి, ఎందుకంటే తర్వాతి వరస చదువుతూ ఆవిడ నవ్వుతూనే ఉంది. "ఈ పెన్సిలు దండగ. లేచాక చెక్కు." ఎదురుగా ఉన్న అతుకులత్త చెయ్యి పట్టుకుని ఊపేసింది. "లేపబుద్ధి కాలేదట అత్తా! నీళ్ళూ లేదు, నొప్పీ లేదు. నోరు తెరుచుకుని పడుకున్నానట! చచ్చేముందు కూడా నా మీద వంకలే!"

"తల్లి కదమ్మా."

"ఉండు, కింద ఇంకో వరసుంది. చిన్న అక్షరాలు."

టైలరమ్మ చెయ్యి వదిలేసింది. కుర్చీ ముందుకు లాక్కుంది. మోచేతులు బల్ల మీద ఆనించి, ముక్కు కాగితానికి తగిలేంతగా వంగి, మెల్లగా రుద్దసాగింది. మణికట్టు మీది సూదులు తళతళమంటున్నాయి. గదిలో ఇంకో మనిషి ఉందన్న సంగతి ఆ వంగిన వీపుకు గుర్తున్నట్టు లేదు.

ఆ వీపును చూస్తూ అతుకులత్త ఒక్క క్షణం నిలబడింది. ఇప్పుడు ఆవిడ మొహం ఎవరూ చూడటం లేదు. ఖాళీ గుడ్డసంచీని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది. గడప దగ్గర చెప్పులు చప్పుడు కాకుండా తొడుక్కుంది. తలుపు ఎంత తెరిచి ఉందో అంతే వదిలేసి, మెట్లు దిగి, బస్సులు ఆగే వైపు నడిచింది.